నడిచే బీరువా

అరబా ఆంటీకి చేతిసంచి అంటే గిట్టదు. ఆవిడ చేతికి అందిన ప్రతి వస్తువూ నేరుగా బ్రాలోకి వెళ్ళిపోవలసిందే. మా సెకొండి రేవులో ఆడవాళ్ళం అందరం ఫోనో, తాళంచెవో అక్కడ దోపుకునేవాళ్ళమే కనక అందులో వింతేమీ లేదు. కాకపోతే మేం దోపుకుంటాం, ఆవిడ ఏకంగా కాపురం పెట్టించేది. "సంచి అయితే పక్కన పెడతాం. పక్కన పెట్టింది మరిచిపోతాం" అన్నది ఆవిడ సిద్ధాంతం.

ఆంటీ చేపలు పొగబెట్టి అమ్ముతుంది. ఆ పొయ్యిలకి ఎదురుగానే నా కుట్టుమిషను. పదిహేనేళ్ళుగా ఆవిడ బట్టలు కుడుతున్నదాన్ని కనక ఆ లోపలి భూగోళం నాకు కొట్టినపిండి. ఎడమవైపు ఫోను, రెండు తాళాల గుత్తులు, ఓటరు కార్డు. కుడివైపు జాజికాయ, పిన్నీసులు, చెవి పోగొట్టుకున్న తాళంకప్ప, చేతిరుమాల్లో చుట్టిన ఒక చిన్న మూట. ఆ మూటలో ఏముందని అడిగితే, "నీ పెళ్ళికి దాచానే కుకువా" అనేది. నాకప్పటికే ముగ్గురు పిల్లలు.

ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో పాస్టరుగారి కళ్ళజోడు కాడ ఊడింది. ఆంటీ లేచి, గోడవైపు తిరిగి, ఇంత చిన్న స్క్రూడ్రైవరు తీసి ముందుకి పంపించింది. పాస్టరుగారు దాన్ని అందుకుని కాసేపు తటపటాయించారు. అది ఇంకా వెచ్చగా ఉందట.

ఆవిడకి నడిచే బీరువా అని పేరు పెట్టినవాడు ఎగ్యా అన్సా. వల లాగేటప్పుడు పాట ఎత్తుకునే పెద్దాయన. ఆయన గొంతు లేస్తేనే నలభై మంది చేతులు ఒక్కసారిగా తాడు మీద పడతాయి. డెబ్బై దాటినా ఆ పాట మరొకరికి వదల్లేదు. ఆయనకీ ఆంటీకీ ఉప్పూ నిప్పూ. రోజు విడిచి రోజు, వల ఒడ్డెక్కీ ఎక్కగానే పొయ్యిల దగ్గరికి వచ్చి, "ఏదీ ఆ నడిచే బీరువా?" అనేవాడు.

"వచ్చావా ముసలి పీతా. పద, పాక వెనక్కి పద. నలుగురిలో నీ పరువు తీయడం నాకిష్టం లేదు" అని ఆంటీ ఆయన్ని కట్టెల పాక వెనక్కి లాక్కుపోయేది. ఇక చూసుకోండి తిట్లు. ఆయన పడవ, ఆయన పళ్ళు, ఆయన మేనమామల మతిమరుపు, ఏదీ వదిలేది కాదు. వినిపించేది మాత్రం ఒక్క ఆంటీ గొంతే. పావుగంటకి ఎగ్యా తేటపడ్డ మొహంతో బయటికి వచ్చి, కిక్కురుమనకుండా తన దారిన పోయేవాడు. ఆంటీ తిడితేగాని ముసలాయనకి తిన్నది అరగదని మేం నవ్వుకునేవాళ్ళం.

అలాంటి ఆంటీకి షుగరు వచ్చింది. ఒళ్ళు తగ్గకపోతే కాళ్ళు తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ బెదిరించింది. ఆంటీది ఉడుంపట్టు. పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకీ పూటకి రెండు ముద్దలు తినే మనిషి అర ముద్దకి దిగింది, రోజూ పొద్దున్నే రేవు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. పద్దెనిమిది నెలల్లో నలభై రెండు కిలోలు తగ్గింది. మా వైపు మనిషి లావెక్కితే బాగున్నావంటారు, చిక్కితే ప్రార్థన చేస్తారు. చర్చి ఆడవాళ్ళు కమలాపళ్ళు, మాల్టు పానీయం సీసాలు పట్టుకొచ్చి మంచం చుట్టూ నిలబడి పరలోక ప్రయాణం మీద పాట అందుకున్నారు.

"నేను పోవట్లేదమ్మా, రోజూ నడుస్తున్నాను" అంది ఆంటీ.

"అందరం నడుస్తున్నవాళ్ళమేనమ్మా, ఆ వైపుకే" అంది వాళ్ళలో పెద్దావిడ.

ఒళ్ళు తగ్గింది గాని బ్రా తగ్గలేదు. నలభై ఆరు సైజులో ఆంటీ ఇప్పుడు అద్దెకున్నట్టు ఉండేది. వెనక పట్టీ మెడ మీదికి పాకేది, భుజం పట్టీలు మోచేతులకి జారేవి, కప్పులు ముడతలు పడి వేలాడేవి. నేను రెండుసార్లు పట్టీ కుదించాను, డార్టులు వేశాను. మూడోసారికి కప్పులు రెండూ చంకల్లోకి వెళ్ళిపోయాయి.

ఆ వారమే చర్చిలో అందరం కళ్ళు మూసుకుని మౌనంగా ప్రార్థిస్తుండగా ఆంటీ ఫోను మోగింది. ఎడమవైపు చెయ్యి పెట్టింది, లేదు. కుడివైపు పెట్టింది, లేదు. అది నడుం దాకా జారిపోయి, లంగా బిగింపు దగ్గర ఆగి, అక్కడినుంచి బ్యాండుమేళం వాయిస్తోంది. ఆంటీ బయటికి పరిగెడుతుంటే జాజికాయ రాలింది, తాళంకప్ప రాలింది, పిన్నీసులు జల్లుగా రాలాయి. వెనక బెంచీల వాళ్ళు ఏరుకుంటూ వెంటపడ్డారు.

నేను కడుపుబ్బ నవ్వాను. ఆంటీ నవ్వలేదు. సాయంత్రం నా మిషను పక్కన కూర్చుని, "ఇవాళ తాళంకప్ప పడింది కుకువా. రేపు పడకూడనిది పడితే?" అంది. పడకూడనిది ఏమిటో చెప్పలేదు. చెయ్యి మాత్రం ఆ చేతిరుమాలు మూట మీద ఉంది.

మా ఆచారం ప్రకారం మంగళవారం సముద్రానికి సెలవు. పడవలు కదలవు, పొయ్యిలు వెలగవు. ఆ రోజు ఆంటీని టకొరాడి మార్కెట్‌కి తీసుకెళ్ళాను. అక్కడ తెల్లవాళ్ళ దేశాల నుంచి మూటల్లో వచ్చే పాత బట్టలకి, బతికున్నవాడెవడూ అంత మంచివి వదులుకోడని, తెల్లదొర పోయాడు అని పేరు. ఆ వరసలో ఎబో అనే అతను ఫుట్‌బాల్ చొక్కా మీద ఎర్ర బ్రా తగిలించుకుని, "తెల్లదొర పోయాడు, దొరసాని బ్రాలు వచ్చాయి" అని కేకలు పెడుతున్నాడు.

ఆంటీని ఒక్క చూపు చూశాడు. "ముప్ఫై ఎనిమిది."

"నలభై ఆరు" అంది ఆంటీ.

"నలభై ఆరు ఓడిపోయిన ప్రభుత్వం అమ్మా. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది పాలిస్తోంది."

నేను గుడ్డ అడ్డం పట్టాను. గోధుమరంగుది ఒకటి తొడిగి చూస్తే, పట్టీ కింద సరిగ్గా రెండు వేళ్ళు దూరాయి. కప్పుల్లో ముడత లేదు, పట్టీలు జారలేదు. ఆంటీ వీపు నిటారుగా నిలబడింది. ఎబో చేతి అద్దంలో చూసుకుని ఒక్క క్షణం కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది కూడా. తర్వాత మూట తీసి కుడివైపు దోపబోయింది. దూరలేదు.

"ఇది వద్దు."

"అదేమిటి ఆంటీ, అచ్చు సరిపోయింది కదా."

"నాకు సరిపోయింది. సామానుకి సరిపోలేదు."

పదకొండు తొడిగించాడు ఎబో. పదకొండూ ఆంటీకి నప్పాయి, మూటకి నప్పలేదు. ఆఖరికి ఒళ్ళు మండి, "సామానుకైతే అవతలి వరసలో ట్రంకుపెట్టెలు అమ్ముతారమ్మా" అన్నాడు. ఆంటీ విసవిసా నడిచిపోయింది. నేను ఆ గోధుమరంగుది కొని నా సంచిలో వేసుకున్నాను. నాకు సంచి ఉంది.

మర్నాడు పెద్ద వల పడింది. గంటన్నర లాగారు, గంటన్నరా ఎగ్యా పాడాడు. వల ఒడ్డెక్కాక పొయ్యిల దగ్గరికి వచ్చి, "ఏదీ ఆ..." అని ఆగిపోయాడు. ఆంటీ ఆయన మొహం చూసి, చేతిలో తట్ట వదిలేసి పాక వెనక్కి తీసుకుపోయింది. తిట్లు మొదలయ్యాయి. ముసలి పీత అయింది, చిల్లుపడవ అయింది, మేనమామల దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోయింది.

పదిహేనేళ్ళలో మేనమామల దగ్గర ఆగడం నేనెరగను. మిషను ఆపాను. ఆంటీ పరిగెత్తుకొచ్చింది, రెండు చేతులూ జాకెట్లో ఉన్నాయి.

"కుకువా, మూట పడిపోయింది."

"అసలు ఆ మూటలో ఏముంది ఆంటీ?"

"వెతకవే ముందు."

బూడిదలో వెతికాం, కట్టెల సందుల్లో వెతికాం. చివరికి ఆవిడ వదిలేసిన తట్టలోనే, చేపల మధ్య నాకు తగిలింది. తడిసిన రుమాలు విప్పితే లోపల నీలంరంగు పంపు. ఉబ్బసం ఉన్నవాళ్ళు నోట్లో పెట్టుకుని పీల్చేది.

పాక వెనక ఎగ్యా అన్సా దుంగ మీద కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఆన్చి, పెదాలు పాలిపోయి, పిల్లనగ్రోవిలా కీచుమంటున్న ఛాతీతో గాలి కోసం పెనుగులాడుతున్నాడు. ఆంటీ నా చేతిలోంచి పంపు లాక్కుని ఆయన నోటికి అందించింది. ఒక పీల్పు పీల్చాడు, ఆగి ఇంకొకటి పీల్చాడు. ఆంటీ మా వైపు వీపు పెట్టి, రేవు వైపు తిరిగి, ఆపిన మేనమామల దగ్గర్నుంచి మళ్ళీ అందుకుంది. నోట్లోంచి తిట్లు ఏకధాటిగా వస్తున్నాయి.

అప్పుడు తెలిసింది నాకు. పాట ఎత్తుకునేవాడికి ఊపిరి చాలదని తెలిస్తే ఆ రోజే పాట ఇంకొకడికిచ్చి ఆయన్ని ఒడ్డున కూర్చోబెడతారు. పంపు దగ్గర పెట్టుకుందామంటే, నడుంలోతు నీళ్ళలోకి తడిసిన నిక్కరుతో దిగే మనిషి ఎక్కడ దాచుకుంటాడు? ఆ కీచు వినిపించకుండా ఉండటానికే ఇన్నేళ్ళూ అన్ని తిట్లు. నేను ఆవిణ్ణి చూసి నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఎగ్యాకి కాస్త రంగు తేలింది. "చూశావుగా" అన్నాడు.

"చూశాను ఎగ్యా."

"అయితే అలా నిలబడకు. మధ్యలో ఆగింది కదా, జనానికి అనుమానం వస్తుంది. నువ్వూ ఓ నాలుగు తిట్టు."

నాకు ఒక్క తిట్టూ తోచలేదు. "మీరు... మీరు గడ్డం సరిగ్గా గీసుకోరు" అని అరిచాను.

ఆంటీ గిరుక్కున తిరిగింది. "ఇదీ ఒక తిట్టేనా? ఇన్నేళ్ళూ నా ఎదురుగా కూర్చుని ఏం నేర్చుకున్నావే?"

ఆ సాయంత్రం గోధుమరంగు బ్రా బయటికి తీశాను. లోపల కుడి చంక కింద, ఆకారం చెడకుండా, లైనింగు ముక్కతో జేబు కుట్టి పైన టిచ్ బటను పెట్టాను. పంపుకి కొలత తీసి మరీ కుట్టాను. మిగతా సామానుకని నడుముకి కట్టుకునే సంచి కూడా కుట్టిచ్చాను. ఇప్పటికీ అందులో తాళంకప్ప ఒక్కటే ఉంటుంది.

శుక్రవారం ఎగ్యా వచ్చాడు. ఆంటీని ఎగాదిగా చూశాడు. "ఏదీ ఆ నడిచే... ఇదేమిటి, బీరువా పోయి సొరుగు మిగిలింది?"

"సొరుగే. పద ముసలి పీతా" అంది ఆంటీ, వీపు నిటారుగా పెట్టి ముందు నడుస్తూ. నేను పొద్దుటి నుంచి వల్లె వేసుకున్న తిట్టు ఒకటి మిషను దగ్గర్నుంచే విసిరాను. బాగానే ఉందని తర్వాత ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇదంతా ఇప్పుడు చెప్పొచ్చు. పోయిన ఏడాది ఎగ్యా తన పాటని మేనల్లుడికి అప్పగించేశాడు. ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చుని, అతని పాటలో తప్పులు పట్టడమే ఆయన పని. ఉబ్బసం సంగతి ఊరంతటికీ తెలుసు. పంపు దగ్గరే పెట్టుకోవచ్చని ఆయన చొక్కాకి నేనే జేబు కుట్టిచ్చాను. ఆ జేబు ఎప్పుడూ ఖాళీయే. రోజు విడిచి రోజు కుర్చీలోంచి లేచి పొయ్యిల దగ్గరికి వచ్చి, "ఏదీ ఆ సొరుగు?" అంటాడు.