కప్పు చూసి చేరిన చదువు

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. నేను ఇంకో మెట్టు పైకెక్కి, ఇంటి కప్పును చూసి యూనివర్సిటీని ఎంచుకున్నాను. ఆ ఘనకార్యం వల్ల ఇంగ్లండులో ముక్కూమొహం తెలియని ఒక కుటుంబం నన్ను జన్మలో మరిచిపోదు. తర్లుపాడు రోడ్డు మీద తిరిగే ఆర్టీసీ డ్రైవర్లూ మరిచిపోరు. ఎట్లాగో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది, ఇదిగో ఇప్పుడూ మండుతోంది.

ముందు మా నాయన సంగతి. మాది తర్లుపాడు దగ్గర పల్లె. నాయన మీసాలు రాకముందు నుంచీ మార్కాపురం పలకల షెడ్డులో రాయి చీల్చే పని చేశాడు. బండను నిలబెట్టి, అంచుకు ఉలి ఆనించి సుత్తితో తడితే అప్పడాల్లాగా పొరలు విడివస్తాయి. వాటిని కొలతకు కోసి, పెట్టెల్లో సర్ది లారీకెత్తితే, ఓడెక్కి పోయి ఏవేవో దేశాల్లో ఇళ్ళ మీద కప్పులవుతాయట. అవుతాయట అనుకోవడమే గాని, అందులో ఒక్క కప్పునైనా ఆయన కళ్ళతో చూసింది లేదు. రాయి ఓడెక్కింది, దుమ్ము మాత్రం నాయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. షెడ్డు మానకపోతే కష్టమని డాక్టరు చెబితే మానేశాడు. మానేసి ఇంటికొచ్చిన రోజు మంచం మీద కూర్చుని ఒకటే మాట అన్నాడు.

"నేను చీల్చిన రాయి ఏడ పడిందో, దాని కింద ఎవురు కూసున్నారో, ఒక్కసారన్నా చూసుంటే బాగుండు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

నేను అప్పుడే బీఫార్మసీ పూర్తి చేసి, పై చదువుకు ఇంగ్లండు పోవాలని కలలు కంటున్నాను. రెండు యూనివర్సిటీలు రమ్మన్నాయి. నా క్లాస్‌మేట్ షబానాది గిద్దలూరు. ఆమెనూ ఆ రెండే రమ్మన్నాయి. వాటిలో ఏదో ఒకటి తేల్చుకోవడానికి మార్కాపురంలో సెల్‌ఫోన్ల దుకాణం మీదున్న కన్సల్టెన్సీకి పోయాం. నాకు తోడు నాయన కూడా వచ్చాడు. అక్కడి డైరెక్టరు నడివేసవిలో టై కట్టుకుని కూర్చున్నాడు. మార్కాపురం ఎండలో టై కట్టుకున్న మనిషిని నమ్మకూడదని నాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు.

గోడ మీద రెండు పోస్టర్లున్నాయి. మొదటి యూనివర్సిటీ బూడిదరంగు సిమెంటు డబ్బా, మా కరెంటు సబ్‌స్టేషన్‌కు అన్నలాగుంది. రెండోది చూస్తే పచ్చగడ్డి, పూలమొక్కలు, మధ్యలో పాతకాలపు రాతి భవనం. దాని మీద నల్లగా, నీలంగా మెరిసే పలకల కప్పు.

నాయన కుర్చీలోంచి లేచాడు. పోస్టరు దగ్గరికి పోయి, కళ్ళద్దాలు సర్దుకుని, కప్పు మీద బొటనవేలితో రాసి చూశాడు.

"ఇది మన రాయే," అన్నాడు.

"ఫోటోలో చూసి ఎట్ల చెప్తావు నాయనా?"

"కన్న బిడ్డను గుర్తుపట్టేదానికి ఆధార్ కార్డు కావాల్నా అమ్మా?"

డైరెక్టరు ఆ మాటను గాలిలోనే పట్టుకున్నాడు. "కరెక్టుగా కనిపెట్టినారు పెద్దాయనా. అది మన మార్కాపురం రాయే. అందుకే ఆ యూనివర్సిటీ వాళ్ళకు మన ప్రకాశం పిల్లలంటే స్పెషల్ అభిమానం."

ఆ క్షణంలో నాయన చంద్రుణ్ణి చూపించి అది కూడా మన రాయే అన్నా, ఆ మనిషి అవునండీ, మొన్ననే లోడు పంపినాం అనేవాడు. నేను కసాయివాణ్ణి నమ్మిన గొర్రెలాగా తలూపాను. నాయన మాత్రం, "చదివేది నువ్వు. నీ ఇష్టం అమ్మా," అన్నాడు. అంటూనే ఆయన కళ్ళు పోస్టరు వదల్లేదు. ఇంక నాకు కోర్సెందుకు, ర్యాంకెందుకు? ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అంటారు గాని, నాకు ఖచ్చితంగా మార్కాపురం రాయే కావాలనిపించింది.

మెట్లు దిగాక షబానా నా చెయ్యి పట్టి ఆపింది.

"ల్యాబులు ఎట్లున్నాయో కనుక్కున్నావా?"

"అక్కర్లేదు."

"కప్పు చూసి చేరేదేందే, అదేమన్నా గొర్ల దొడ్డా?"

"నువ్వు పోయి ఆ సిమెంటు డబ్బాలో కూచో. మందులు చేసేది నేర్పకపోయినా ఫ్యూజులు వేసేదన్నా నేర్పుతారు."

అన్నానండీ, ఈ నోటితోనే అన్నాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటే ఎందుకు పడదు మరి.

వెబ్‌సైటు చూడలేదా అని మీరడుగుతారు. చూశాను. అందులో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే పిల్లలున్నారు గాని భవనం లేదు. బహుశా సిగ్గుపడి చూపించలేదేమో అనుకున్నాను. సిగ్గుపడాల్సింది నేనని తెలియలేదు.

ప్రయాణానికి ముందు ఆదివారం మా పాస్టరుగారు బైబిల్లో రాళ్ళ గురించి ఉన్న వాక్యాలన్నీ ఏరుకొచ్చి, మధ్యాహ్నం అన్నాలు చల్లారేదాకా ప్రసంగం చేశారు. మా మేనమామ యేసోబు తర్లుపాడు సెంటర్లో కనపడినోళ్ళందరికీ చెప్పాడు, "మా రూతు పోయేది పరాయి చోటికి కాదు, మా బావ కప్పిన ఇంటికే," అని. నాయన కోరింది ఒక్కటే.

"పోయినాక ఆ కప్పు కింద నిలబడి ఫోటో తీసి పంపమ్మా. మంచి బట్టలు కట్టుకో. షెడ్డులో మావోళ్ళకు చూపించుకుంటా."

సరే, ఇంగ్లండులో దిగాను. చలిలో వణుక్కుంటూ యూనివర్సిటీ అడ్రసు పట్టుకుపోతే, అది ఒక సోఫాల దుకాణం మీద రెండంతస్తులు. గడ్డి లేదు, పూలు లేవు, ల్యాబంటే రెండు సింకులూ ఒక ఫ్రిజ్జూ. నాకు ఎంత కోపం వచ్చిందంటే, కింద దుకాణంలో సోఫా ఒకటి చించేద్దామనిపించింది. అయినా ఆశ చావలేదు. ఇది బ్రాంచి అయ్యుంటుంది, అసలు క్యాంపస్ వేరే ఉంటుందనుకుని, పోస్టరుకు నేను తీసుకున్న ఫోటోను రిసెప్షన్‌లో ఉన్న పెద్దమనిషికి చూపించాను.

"ఈ బిల్డింగ్ ఎక్కడండీ?"

ఆయన ఫోటో చూశాడు, నన్ను చూశాడు. గొంతు తగ్గించాడు. "ఊరి చివర ఉంటుందమ్మా. బస్సు పోతుంది. మీకు తోడెవరైనా ఉన్నారా?"

"లేరండీ. ఒక్కదాన్నే పోవాలి."

"ధైర్యంగా ఉండండి," అన్నాడు, నా చెయ్యి మెల్లగా తట్టి.

చదువు బాగా కష్టమేమో, ఎంత మంచివాళ్ళో అనుకున్నాను.

మర్నాడు ఎర్ర పట్టుచీర కట్టుకుని బస్సెక్కాను. దిగేసరికి ఎదురుగా అదే గడ్డి, అవే పూలు, అదే కప్పు. గేటు దగ్గర ఇంత పెద్ద బోర్డు ఉందట. నేను కప్పు చూస్తూ నడిచినదాన్ని, నాకు బోర్డెక్కడ కనపడుతుంది? లోపల అందరూ నల్లకోట్లు వేసుకుని గుంపుగా నిలబడి ఉన్నారు. ప్రొఫెసర్లన్నమాట. ఒకరిద్దరి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పేపర్లు దిద్ది దిద్ది అట్లా అయ్యుంటాయని జాలిపడ్డాను.

కోటు తీసి పక్కన పెట్టి, ఒక ముసలామె చేతికి ఫోన్ ఇచ్చాను. "ఒక ఫోటో తీస్తారా? మా నాయన కోసం. ఈ కప్పు మా నాయన చేతిదండీ." ఆమె తీసుకుంది. అంతటితో ఆగితే నేను రూతును ఎందుకవుతాను? పక్కనున్న నల్లకోట్లను కూడా రమ్మన్నాను. ఇంగ్లీషు వాళ్ళకు ఒక జబ్బుంది, కాదు అని మొహం మీద చెప్పలేరు. నలుగురైదుగురు వచ్చి నాకు అటూ ఇటూ నిలబడ్డారు. "కొంచెం నవ్వండి," అన్నాను. పాపం, వాళ్ళలో ఒకాయన ప్రయత్నం కూడా చేశాడు.

ఆ ఫోటోను అక్కడికక్కడే నాయనకు పంపాను. అప్పుడు, ఫోటోలో నా పక్కన చేతికర్రతో నిలబడిన పెద్దాయన నా వైపు తిరిగాడు.

"మీకు ఆర్థర్ ఎలా పరిచయం?"

ఆర్థర్ అంటే వైస్ ఛాన్సలరు అయ్యుంటాడనుకున్నాను. "ఇంకా పరిచయం కాలేదండీ. ఈ రోజు కలుద్దామనే వచ్చాను. ఎప్పుడు బయటికి వస్తారు?"

పెద్దాయన చేతికర్ర ఎత్తి భవనం వెనక్కి చూపించాడు. పోస్టరులో లేనిది అక్కడ ఒకటుంది. పొగగొట్టం.

చెప్పుకోవడానికి నోరు రావడం లేదు, అయినా చెబుతాను. అది శ్మశానం. మనుషుల్ని కాల్చే చోటు. మట్టిలో పూడ్చిపెట్టే కుటుంబంలో పుట్టినదాన్ని, ఎర్ర పట్టుచీర కట్టుకుని, పోయినాయన బంధువులందరినీ వరసగా నిలబెట్టి నవ్వమన్నాను. భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. ఏడుస్తూ కప్పు సంగతీ నాయన సంగతీ అంతా చెప్పేశాను. పెద్దాయన విని, తడి కళ్ళతోనే నవ్వాడు.

"ఇది మీ ఊరి రాయి కాదమ్మా. ఇక్కడికి దగ్గరే, వేల్స్‌లో తీసిన రాయి. ఈ కప్పు వేసింది ఆర్థరే, కుర్రతనంలో. ఆయన పని అదే. నువ్వు చేసిన దానికి ఆయనుంటే పడీపడీ నవ్వేవాడు."

పైన పటారం లోన లొటారం అంటారు. నా యూనివర్సిటీకి లొటారం సోఫాల దుకాణం మీదుంది, పటారం ఊరి చివర శ్మశానంలో ఉంది. రెండూ ఒకచోట ఉండే అదృష్టం కూడా నాకు లేదు.

నాయనకు ఎట్లా చెప్పాలా అని నోరు కుట్టేసుకుని కూర్చుంటే, రెండు రోజులకే షబానా ఫోన్ చేసింది. వాళ్ళ సిమెంటు డబ్బాలో ల్యాబులు చూస్తే కళ్ళు తిరుగుతాయట, అది వేరే ఏడుపు.

"మీ మామ వాట్సాప్‌లో ఫ్లెక్సీ చూసినా. తర్లుపాడు సెంటర్లో నీ ఫోటోతో కట్టినారంట, ఆర్టీసీ డ్రైవర్లు బస్సులాపి మరీ చూస్తున్నారంట. 'ఇంగ్లండు గడ్డ మీద మా ఊరి ఆణిముత్యం' అని."

"ఊఁ."

"ఏమే, నీ వెనక గోడ మీద రాసిందేందో చూసుకున్నావా? శ్మశానం ముందర నిలబడి ఆ ఇకిలింపేందే?"

ఇంక దాచి లాభం లేదు. ఆ సాయంత్రమే నాయనకు వీడియో కాల్ చేశాను. ఆయన షెడ్డు ముందర, పాత స్నేహితుల మధ్య కూర్చుని ఉన్నాడు. ఫోటో వాళ్ళ చేతుల్లో తిరుగుతోంది.

"నాయనా, అది యూనివర్సిటీ కాదు. శ్మశానం."

ఆయన దగ్గాడు. దగ్గు ఆగాక అడిగాడు. "రాయి?"

"మనది కాదు నాయనా. ఈడిదేనంట. కప్పు వేసినాయన పేరు ఆర్థర్. నేను పోయిన రోజు ఆయన చావే. నేను నవ్వమనింది ఆయన చుట్టాలనే, చేతికర్ర పెద్దాయన చెప్తేగాని తెలియలేదు."

"ఆయన వేసిన కప్పు కిందికే ఆయన్ను తెచ్చినారా?"

"అవును."

"అదృష్టవంతుడమ్మా. తన రాయి ఏడుందో తెలిసి పోయినాడు," అన్నాడు. తర్వాత, "చావింట్లో నవ్వమంటే తప్పు గదా. మల్లా పోయి ఆ పెద్దాయనకు నా దండాలు చెప్పిరా," అన్నాడు.

ఫోను పెట్టేశాక నాకు వచ్చినంత కోపం మనిషికి రాకూడదు. నా మీద కోపం. ఎక్కడికి పోతోందో ఒక్కమాట చెప్పకుండా రాయిని ఎత్తుకుపోయి, దగ్గును మాకు వదిలేసిన లారీల మీద కోపం. వాటిని పట్టుకోలేను గనక టై డైరెక్టరును ఫోన్లో పట్టుకున్నాను.

"సార్, మీ పోస్టర్లో ఉండేది శ్మశానం."

"అట్లనా?" అన్నాడు, గొంతులో చిన్న వణుకైనా లేకుండా. "నెట్టులో ఆ ఊరి పేరు కొడితే అన్నిట్లోకీ అదే నీటుగా కనపడిందమ్మా. పొగగొట్టం ఒక్కటే బాగలేదని కత్తిరించినా."

"ఇప్పుడే ఆ పోస్టరు తీసెయ్యండి."

"ఎప్పుడో తీసేసినా. దాని బదులు మీ మామ పంపిన నీ ఫోటో పెట్టినా, 'ప్రొఫెసర్లతో మా విద్యార్థిని' అని. బేస్తవారిపేట నుంచి, పెద్దారవీడు నుంచి పిల్లలు ఎగబడి వస్తున్నారు. ప్రొఫెసర్లు ఎంత మర్యాదస్తుల్లాగున్నారు సార్ అంటున్నారు. అవునుగాని, ఆ చేతికర్ర పెద్దాయన ఏం సబ్జెక్టు చెప్తాడమ్మా?"

ఆ కొత్త పోస్టరును చింపి రమ్మని యేసోబు మామను పంపితే, దాని ముందర సెల్ఫీ దిగి వచ్చాడు.

కాబట్టి మార్కాపురం, గిద్దలూరు, చుట్టుపక్కల పల్లెల ప్రజలందరి సాక్షిగా, ఎర్ర పట్టుచీర మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. కాలేజీ అయినా, కంపెనీ అయినా, రేపు పెళ్ళిసంబంధమైనా సరే, కప్పు చూసి ఒప్పుకోను. లోపల ఎవరున్నారని ముందు అడుగుతాను. ఉన్నవాళ్ళు బతికే ఉన్నారా అని కూడా అడుగుతాను.