నీళ్లకు కొలతలు తీసిన దర్జీ

మా బావ రోజూ పొద్దున్నే, మొహం కూడా కడుక్కోకుండా, సముద్రానికి పరీక్ష పెట్టేవాడు.

సముద్రమంటే అసలుది కాదు. కుట్టుమిషను పక్కన గోడవారగా ఉండే గాజుతొట్టి. అందులో ఉప్పు కలిపిన నీళ్లు, రాళ్లు, రాళ్లను పట్టుకుని పెరిగే పగడాలు, వాటి మధ్య నారింజరంగు చేపలు. ఆ నీళ్లు కాసిని చిన్న గాజుగొట్టంలో పట్టి, పొడి వేసి, ఊపి, కిటికీ వెలుగులో చూసేవాడు. నీళ్లలో ఫాస్ఫేట్ ఉంటే నీలం తిరుగుతాయి. ఎంత ఉంటే అంత నీలం. అది ఎక్కువైతే తొట్టినిండా పాచి పడుతుంది, పగడాల రంగు మాసిపోతుంది. మా తొట్టికి పట్టుకున్నది అదే.

నీలాన్ని పోల్చుకోవడానికి పొడితో పాటు ఒక రంగుల అట్ట వచ్చింది. బావ దాన్ని నమ్మలేదు. ఆయన దర్జీ. తన దగ్గరున్న నీలం దారం రీళ్లన్నీ కిటికీలో వరసగా నిలబెట్టి, గొట్టాన్ని ఒక్కో రీలు పక్కనా పెట్టి చూసేవాడు. ఏ రీలుతో ఏం కుడితే ఆ నీలానికి అదే పేరు: లేతది నర్సు కాలరు, ముదురుది స్కూలు నిక్కరు. నేను మేడమీద గదిలో ఉండేవాణ్ణి. దేవుడికి దణ్ణం పెట్టుకుని మెట్లు దిగేసరికి ఆ గొట్టం నా ముక్కు దగ్గర సిద్ధంగా ఉండేది.

"బామ్మర్దీ, నిజం చెప్పు. ఇది స్కూలు నిక్కరా, నర్సు కాలరా?"

"నర్సు కాలరే బావా."

"నీకు దయ ఎక్కువ. ఇది స్కూలు నిక్కరు."

నా ఒక్కడి సాక్ష్యంతో ఆగేవాడు కాదు. పాలాయన, పేపరతను, దారినపోయే వాళ్లు, ఎవరైనా సరే, గుమ్మం ముందు క్షణం ఆగితే చాలు. ఒకసారి జాకెట్టు కోసం వచ్చిన టీచరమ్మ చేతిలో గొట్టం పెట్టాడు.

"ముందు దీని సంగతి చూడండమ్మా. మీ జాకెట్టు ఎక్కడికీ పోదు."

"ఎక్కడికి పోతుంది మాస్టారూ. ఇంకా కత్తెరే పడలేదు కదా."

ఈ జబ్బుకు మందు లేకపోలేదు. ఫాస్ఫేట్‌ను పీల్చుకునే గుళికలు ఉంటాయి. వాటిని సంచిలో పోసి ఫిల్టరులో పెడితే నీళ్లు తేరుకుంటాయి. చేపల షాపులో చిన్న డబ్బాల్లో అమ్ముతారు. ఆ డబ్బా ధర విన్నరోజు బావ సైకిలు షాపు ముందే మరిచిపోయి ఇంటికి నడిచొచ్చాడు.

"ఒక డబ్బా కొని పడేస్తే పోతుంది కదా బావా" అన్నాను.

"ఒకటితో పోతే కొననా? కడుపు నిండాక ఆ గుళికలు పీల్చడం మానేస్తాయిరా. మళ్లీ కొత్తవి పోయాలి. ఎప్పటికీ పోస్తూనే ఉండాలి. మనం ఎప్పటికీ కొనగలిగేది కావాలి."

అప్పటినుంచి చవక గుళికల వేట మొదలైంది. ఒకచోట తెల్లపూసల్లాంటివి దొరికాయి. మరోచోట తుప్పురంగువి దొరికాయి. నీళ్లు శుద్ధిచేసే కంపెనీలకు సరుకు వేసే గోదాము ఒకటి కనిపెట్టి, అక్కడినుంచి తుప్పురంగువే ఒక గోనెసంచెడు తెచ్చాడు. గ్లాసుల్లో ఒకే నీళ్లు పోసి, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీతో కొలిచి, ఒక్కోదాంట్లో ఒక్కోరకం, ఒకదాంట్లో చేపల షాపులో నమూనాకు అడిగి తెచ్చినవి వేసి కిటికీలో పెట్టాడు. తెగిపోయిన భుజంసంచి పట్టీ కుట్టించుకోవడానికి వచ్చిన పోస్టుమాన్, దాహమేసి ఒక గ్లాసు ఎత్తాడు.

"అది తాగకండి, అది స్కూలు నిక్కరు" అన్నాడు బావ.

పోస్టుమాన్ గ్లాసు మెల్లగా కిందపెట్టాడు. మళ్లీ మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పందెంలో గోనెసంచి గెలిచింది. డబ్బాలో సరుకు చేసిన పనే ఇదీ చేసింది, ధరలో మాత్రం పోలికే లేదు. బావ ఆ గుళికలకు మంచి గుడ్డతో సంచులు కుట్టాడు. రెండు వరసల కుట్టు, మూతికి లాగుడుతాడు. టీచరమ్మ జాకెట్టు అలాగే ఉంది కానీ గుళికలకు మాత్రం ఒంటికి సరిపడా బట్టలొచ్చాయి.

అయితే వాడేముందు వాటి దుమ్ము పోయేలా మెల్లగా కడగాలి. బావ చొక్కా కాలరు మురికి వదిలించినట్టు బరబరా రుద్దాడు. సగం గుళికలు బురదైపోయాయి. ఆ రుద్దింది కూడా ఏ బకెట్లో అంటే, కత్తిరించే ముందు ముడుచుకుపోవాలని గిరాకీ బట్ట నానబెట్టిన బకెట్లో.

అక్క ఆ బట్టను రెండు వేళ్లతో పైకెత్తింది. "ఇదేమిటండీ?"

"తెల్లచొక్కాకిచ్చారే."

"తెల్లదేదీ?"

"ఇటుకరంగు కూడా ఆయనకు నప్పుతుంది."

అక్క నవ్వలేదు. "ఇదిగో, నెలాఖరు వరకే ఆగుతాను. ఆ పాచి పోతే సరే. లేదంటే తొట్టే పోతుంది. నాకు గది కావాలి, మీకు గిరాకీ కావాలి" అంది. అక్క అన్నదంటే చేస్తుంది.

చిత్రమేమిటంటే, గుళికలు పీలుస్తూనే ఉన్నా నీళ్లు మళ్లీ మళ్లీ నీలం తిరిగేవి. చివరికి చేపల షాపాయన్ను బతిమాలి ఇంటికి పిలిపించాడు బావ.

ఆయన వచ్చేసరికి మా నాన్నగారు ఎప్పటిలా తొట్టి పక్కన కుర్చీలో ఉన్నారు. నాన్నగారు కూడా అక్కావాళ్లతోనే ఉండేవారు. హాస్టల్లో వంటపెద్దగా చేసి రిటైరయ్యారు. ఎందరో పిల్లలకు కొసరి కొసరి వడ్డించిన చెయ్యి. ఆమధ్య ఆ చెయ్యి వణకడం మొదలై, మరిగే నీళ్లు కాళ్లమీద ఒలకబోసుకోబోతే అక్క హడలిపోయి, ఇక పొయ్యి దగ్గరికి రావద్దు నాన్నా అంది. ఆయన సరేనన్నారు. ఆ తరవాత చాలారోజులు కంచంలో మెతుకులు కెలికి లేచిపోయేవారు. ఈ తొట్టి వచ్చాకే మళ్లీ మనిషయ్యారు.

షాపాయన తొట్టిలోకి వంగి చూశాడు. "మాస్టారూ, ఇవి చేపలా, దిండ్లా?"

"కాస్త ఒళ్లు చేశాయండీ."

"గుళికలేం చేస్తాయి పాపం. ఫాస్ఫేట్ వచ్చేదే మేతలోంచి. తినగా మిగిలింది కుళ్లి నీళ్లలో కలుస్తోంది. ఇంత మేత ఎవరు వేస్తున్నారు?"

మేత డబ్బా నాన్నగారి ఒళ్లో ఉంది. నేను నోరు తెరిచాను. బావ కాలు నా కాలిమీద పడింది. జన్మంతా మిషను తొక్కిన కాలు అది. నా నోరు మూతపడింది.

"నేనేనండీ. నాకు చెయ్యి ఆగదు" అన్నాడు బావ.

"ఆపుకోవాలి మరి. రోజుకు చిటికెడు చాలు."

నాన్నగారికి అల్లుడి మీద జాలేసింది. "ఆయన్నేం అనకండి బాబూ. వాటిని చూస్తే ఎవరికి చెయ్యాగుతుంది? ఎప్పుడు చూడండి, నోళ్లు తెరుచుకునే ఉంటాయి. ఉండబట్టలేక నేనూ అప్పుడప్పుడు నాలుగు పలుకులు వేస్తుంటాను" అన్నారు.

షాపాయన్ను సాగనంపడానికి వీధిలోకి వచ్చాం. ఆయన స్కూటరు తిప్పుకుంటుంటే బావను అడిగాను. "నీకు తెలుసా?"

"రోజూ నీళ్లు చూసేవాణ్ణి, తెలియదట్రా? పొద్దున నర్సు కాలరైన రోజు కూడా, ఆయన కాఫీ తాగి అక్కడ కూర్చున్నాక స్కూలు నిక్కరు."

"మరి ఒక్కమాట చెప్పుంటే ఈ గోనెసంచి గోలంతా తప్పేదిగా."

"పొయ్యి దగ్గరికి రావద్దని కన్నకూతురు అంటేనే తిండి మానేశారు. అల్లుడు చేపల డబ్బా కూడా లాక్కుంటే ఏమవుతారు? ఆయన వడ్డనకు నోరు తెరిచేవి ఇప్పుడు అవేరా. వడ్డించేవాణ్ణి ఆపడం కంటే నీళ్లు బాగుచేసుకోవడం నయమనుకున్నాను. అందుకే చవకది వెతికాను. ఆయన వేసినన్నాళ్లూ నేను కొనగలగాలిగా."

"మరి నెలాఖరుకి అక్క తీయించేస్తే?"

వెళ్లబోతున్న స్కూటరుకు బావ అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క సాయం చేసిపెట్టండి. ఈ గుళికలు నా చేతిలో బురదవుతున్నాయి. ఇకనుంచి రోజూ గుప్పెడు కడగమని మా మామగారికి ఇస్తాను. బియ్యం కడిగిన చెయ్యి, పలుకు విరగనివ్వరు. చల్లటి నీళ్లే కాబట్టి వణికినా భయం లేదు. మీరు లోపలికొచ్చి, వీటిని కడిగిన చేత్తో ఆరోజు ఒక్కసారికి మించి మేత వేయకూడదని ఆయనకు చెప్పండి."

"అలాంటి నియమం ఎక్కడా లేదు మాస్టారూ."

"లేదని నాకూ తెలుసు."

పూజ చేసుకుని వచ్చినవాణ్ణి కదా, అబద్ధం చెవినపడకుండా నేను కాస్త పక్కకు తిరిగాను. ఇలాంటివి దేవుడు కూడా పక్కకు తిరిగే వింటాడని నా నమ్మకం.

"ఆ మాట మీరే చెప్పుకోవచ్చుగా" అన్నాడు షాపాయన.

"నేను చెబితే అల్లుడు ఆంక్ష పెట్టినట్టుంటుంది. మీరు చెబితే పథ్యం చెప్పినట్టుంటుంది. కాస్త లోపలికి రండి. మీ ప్యాంటు నడుము రెండువేళ్లు వదులు చేసి ఇస్తాను, కూర్చున్నప్పుడల్లా పట్టేస్తున్నట్టుంది."