స్నానాల గది గుమ్మంలో

ముక్తేశ్వరం దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఏడేళ్లుగా ఆయాగా చేస్తున్నాను. అది మొదట ఎవరిదో ఇల్లు. స్నానాల గది తర్వాతెప్పుడో కట్టడంతో దాని గుమ్మంలో నాలుగు వేళ్ల ఎత్తున గట్టు మిగిలిపోయింది. అటూ ఇటూ ఒకే తెల్ల టైల్స్. రోజూ పొద్దున్న పదకొండు మందికి స్నానాలు చేయించాలి. కొన్నాళ్లకి ఆ గట్టును చూడడం మానేశాను, కాలే దానంతటది లేచేది.

ఆ రోజు ఎందుకో లేవలేదు. చేతిలో వేడినీళ్ల బకెట్ ఉంది. లోపల చక్రాల కుర్చీలో ఒక మామ్మగారు ఎదురుచూస్తున్నారు. బొటనవేలు గట్టుకు తగిలి ముందుకు తూలాను. నీళ్లు ఆవిడ మీద పడతాయన్న భయంతో బకెట్‌ను పక్కకు విసిరేసి, ఎడమచెయ్యి ఆన్చి పడ్డాను. మణికట్టులో ఏదో పుటుక్కుమంది. ఆవిడ సాయం లేకుండా లేవలేరు. కుర్చీలోంచే వంగి నా తల మీద చెయ్యి వేసి, ఎవరైనా రండని పిలుస్తూనే ఉన్నారు.

మేనేజరుగారు మంచివారే. తనే ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో మెల్లిగా అన్నారు: "డాక్టరుగారు అడిగితే ఇంటి దగ్గర పడ్డానని చెప్పండమ్మా. ఆశ్రమంలో అని రాస్తే గొడవైపోద్దండి."

"ఆయ్," అన్నాను. వాదించే ఓపిక లేదు. డాక్టరుగారికీ అలాగే చెప్పాను.

ఆరు వారాలు కట్టుతో ఇంట్లో ఉన్నాను. జడ వేయడం రాక మా ఆయన రోజూ నా జుట్టును ముడి చుట్టేవారు. తిరిగి పనిలోకి వెళ్లేసరికి గట్టు అలాగే ఉంది. నెల తిరక్కుండా, కొత్తగా చేరిన ఆయా అక్కడే తట్టుకుని పడింది. మోకాలు వాచిపోయింది. ఆమెను ఆటో ఎక్కిస్తూ మేనేజరుగారు ఏదో చెబుతున్నారు. అదేమిటో నాకు తెలుసు. వెళ్లి ఆటో పక్కన నిలబడ్డాను.

"ఇంటి దగ్గర కాదండీ. ఇక్కడే పడింది. నేనూ ఇక్కడే పడ్డానండి."

"ఆ గట్టు సంగతి మీరప్పుడే గట్టిగా చెప్పుంటే బాగుండేదండీ," అన్నారాయన.

లోపల ఇంకా నలుగురికి స్నానాలు మిగిలి ఉన్నాయి. లోపలికి వెళ్లిపోయాను.

వారంలో తాపీమేస్త్రీ వచ్చి గట్టు కొట్టేసి, వాలుగా సిమెంటు పూశాడు. ఆ ఆయా మాత్రం మళ్లీ రాలేదు. నా మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. చక్రాల కుర్చీలోంచి లేపబోతే ఆ మామ్మగారు, "ఆ చెయ్యి వద్దమ్మా," అని తనే లేవబోతారు. సగంలో ఆయాసం వస్తుంది. ఇద్దరం కాసేపు ఆగి, మళ్లీ ప్రయత్నిస్తాం.