హుసేనప్ప అమ్మిన నల్ల చేప

హుసేనప్ప చేపను కొనేవాడికి తోక చూపించడు, రంగు చూపించడు. నోరు చూపిస్తాడు. "నోట్లో పట్టేది ఏదైనా మింగుతాదప్పా. మీ తొట్లో ఇంకేం చేపలుండాయో సూసుకొని కొను" అంటాడు. ఆదోనిలో అక్వేరియం అంగట్లో ఏడేళ్లు ఈ మాట చెప్పాడు. ఒక్కసారి చెప్పలేదు.

ఆయనది ఎమ్మిగనూరు. మగ్గం మీద బతికిన మనిషి. మగ్గంతో పూట గడవక భార్య హులిగమ్మను తీసుకొని ఆదోని వచ్చాడు. ఆమె పత్తి వ్యాపారుల వీధిలో మూడిళ్లలో పనికి కుదిరింది. ఆయన సుమంత్ అంగట్లో చేరాడు. అంగడి సుమంత్‌ది, చేపల సంగతి తెలిసింది హుసేనప్పకు. డిగ్రీ మధ్యలో వదిలేసి ఎదురుగా సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకునే నాకు రోజంతా ఆయన మాటలే కాలక్షేపం.

మీసాల చేప కావాలని ఎవరొచ్చినా ముందు తొట్టి కొలత అడిగేవాడు. చిన్న తొట్టి అయితే కోరీలు ఇచ్చేవాడు. బొటనవేలంత ఉంటాయి, ఎవరి జోలికీ పోవు. కానీ గుంపుగా ఉండాలి, అడుగున మెత్తటి ఇసుక ఉండాలి, గరుకు రాళ్లయితే మీసాలు అరిగిపోతాయి. అద్దం నాకి శుభ్రం చేస్తుందని సక్కర్ చేప అడిగేవాళ్లను తిట్టి పంపేవాడు. "మూరెడు పెరుగుతాదది. మీ తొట్లో తిరుక్కునేకి కూడా సోటుండదు. అద్దం మురికైతే నువ్వు తుడుసుకో." ఈ మాటలకు సుమంత్ పళ్లు కొరికేవాడు.

పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య ఇంట్లో ఈశాన్యం మూలన ఒక తొట్టి ఉంది. వాస్తు ప్రకారం అందులో తొమ్మిది చేపలు. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. ఇంటికొచ్చే చెడంతా ఆ నల్లది తన మీద వేసుకుంటుందని వాళ్ల నమ్మకం. మూడు నెలల్లో రెండుసార్లు నల్లదే చచ్చింది. ఇంటి మీదికి అంత చెడు వస్తోందా అని ఆయనకు గుబులు పట్టుకుంది. తనే అంగడికి వచ్చాడు.

"సావని నల్లది ఒకటి ఈయప్పా. ఒకటే."

"కోరీలైతే గట్టివి సావుకారీ. కానీ అవి ఒంటిగా బతకవు, ఆరన్నా ఉండాల."

"ఆరేస్తే పద్నాలుగు కాదా? మాకు తొమ్మిదే ఉండాల."

సుమంత్ మధ్యలో దూరాడు. రెడ్‌టెయిల్ అనే మీసాల చేపపిల్లను చూపించాడు. వేలెడంత ఉంది. నల్లటి వీపు, పక్కన తెల్లటి చార, ఎర్ర తోక. "ఉక్కు లెక్క ఉంటాది అంకుల్. దీనికి సావు లేదు."

అది నాలుగడుగులు పెరిగే జాతి. పక్కనున్నవాటిని మింగి పెరుగుతుంది. హుసేనప్పకు తెలుసు. ఏదో అనబోయాడు. "అన్నా, నువ్వు కవర్లో నీళ్లు పట్టు" అన్నాడు సుమంత్. ఆయన నీళ్లు పట్టాడు. సావుకారు పోయాక నేనడిగితే, "ఈ వయసులో నాకు ఇంకో పని యాడుందప్పా" అన్నాడు.

హులిగమ్మ పనిచేసే మూడిళ్లలో ఆ సావుకారు ఇల్లు ఒకటి.

నెలన్నర గడిచాక బంగారు చేప ఒకటి కనిపించలేదు. వారానికి ఇంకొకటి. రాజేశ్వరమ్మ, అంటే సావుకారు భార్య, రోజూ పూజ కాగానే చేపలను లెక్కపెట్టేది. చస్తే పైకి తేలాలి కదా, ఏదీ తేలలేదు. ఎగిరి పడ్డాయేమోనని హులిగమ్మతోనే సోఫా కింద వెతికించింది. పగలంతా నల్లది బొమ్మ రాయి కింద కదలకుండా పడుకునేది. చీకట్లో అదేం చేస్తుందో ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. వాళ్లది గుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు.

హులిగమ్మ ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన ముద్ద కలుపుకుంటూ విన్నాడు. రెండోసారీ విన్నాడు. మూడోసారీ విన్నాడు.

నాలుగోది పోయిన పొద్దున రాజేశ్వరమ్మ ఆమెను గడప బయటే నిలబెట్టింది. "ఈడ ఎత్తుకపోతావు, ఆడ నీ మొగుడు అంగట్లో పెడతాడు. మళ్లా మాకే అమ్ముతారు. ఎన్నాళ్లనుంచి నడుస్తాంది ఈ యాపారం?" మధ్యాహ్నానికల్లా మిగతా రెండిళ్లూ వద్దన్నాయి.

మర్నాడు హుసేనప్ప నా బండి ఎక్కాడు. "సావుకారింటికి పోనీ." సుమంత్ అడ్డమొచ్చి, "నోరిప్పితే మళ్లా ఈడికి రావద్దు" అన్నాడు. ఆయన దిగలేదు.

హాల్లో నిలబడి ఒక్క మాటే చెప్పాడు. "నా పెండ్లాం తియ్యలేదు సావుకారీ. ఆ నల్లది తినింది."

ఇంద్రసేనయ్య నవ్వాడు. "మా ఇంట్లో ఉండేది అట్లాంటివి తినదప్పా. మేమేసేది గింజలే."

హుసేనప్ప వలతో నల్లదాన్ని పైకి తీశాడు. వేలెడంత వచ్చిన పిల్ల జానెడు దాటింది. కడుపు ఉబ్బి బిగుసుకుపోయి ఉంది.

"కడుపుతో ఉందనుకుంటిమే" అంది రాజేశ్వరమ్మ. రోజూ దానికీ పసుపు కుంకుమ చూపించిందట. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

"నీకు తెలిసే అమ్మితివా?" అన్నాడు సావుకారు.

"తెలిసే."

"పూజ గది పక్కన జీవహింస పెట్టినావు కదప్పా నా ఇంట్లో. దాన్ని తీసుకొని నడువు. నీ పెండ్లాం గడప తొక్కకూడదు."

"ఆమె దొంగ కాదని ఒక మాట వీధిలో సెప్పండి సావుకారీ. పనేం వద్దు."

ఆయన ఒక బకెట్ ముందుకు తోసి తలుపు చూపించాడు. మేం బకెట్‌తో అంగడికి వచ్చేసరికి సుమంత్‌కు ఫోన్ చేరిపోయింది. బకెట్ తీసుకొని, మనిషిని పొమ్మన్నాడు. సాయంత్రానికి ఆ చేప అద్దాల వెనక అమ్మకానికి ఉంది.

హులిగమ్మకు జరిగిందంతా నేనే చెప్పాను, హుసేనప్ప గోడకానుకొని కూర్చుంటే. అంతా విని ఆమె ఆయన వైపు తిరిగింది.

"మొదటిది పోయిందని నేను సెప్పిననాడు నీకు తెలుసా?"

"తెలుసు."

"సోఫా కింద పండుకొని ఎతికితినయ్యా నేను."



ఇంద్రసేనయ్య వీధిలో ఆ మాట చెప్పలేదు. చెప్పడు కూడా. తన ఇంట్లో, దేవుడి పక్కన, తొట్టిలో ఒక చేప మిగతావాటిని తిన్నదని ఎట్లా చెప్పుకుంటాడు? పనిమనిషి ఎత్తుకుపోయిందంటే ఇంటికి మైల ఉండదు. ఇప్పుడు హులిగమ్మ జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరడానికి పోతోంది. మిల్లుకు దగ్గర దారి ఆ వీధే. ఆమె చుట్టూ తిరిగి పోతుంది.