ఒకే పేరు మీద ఇద్దరు

మా బాపు పోగొట్టుకున్నవి ఇవి. డెబ్భై ఒకటి యుద్ధంలో ఎడమ చెవి వినికిడి, కుడికాలి రెండు వేళ్లు. బొగ్గు బాయిలో చూపుడు వేలు సగం. కాగితాల మీద ఆరేళ్ల వయసు. తల్లిదండ్రులు పెట్టిన పేరు. చివరి రెండూ ఎలా పోయాయో ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. కాంటా దగ్గర లారీల తూకాలు రాస్తూ లెక్కలు నేర్చుకున్నాను. అక్కడ లారీని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచందే ఎవరి మాటా నమ్మరు. ఇంట్లోనూ నాకు అదే అలవాటైంది.

బాపు తమ్ముడు, మా కాక, మా పక్క మండలం జైపూర్ దగ్గరి ఊళ్లో సేద్యం చేసుకునేవాడు. ఇంట్లో అందరూ వాళ్లను పెద్దోడు, చిన్నోడు అనేవాళ్లు. కాక రేషన్ కార్డు ఒకసారి నా చేతికొచ్చింది. దాని మీద ఉన్నది మా బాపు పేరే. గోడ మీద యూనిఫాం వేసుకున్న బాపు ఫోటో ఉండేది. దాని వెనక సైన్యంలో చేరిన సంవత్సరం ఉంది, పేరు మాత్రం వేరే. అరవై నిండాయని బాపు బాయి నుంచి రిటైరైన రోజు వెనక్కి లెక్కవేశాను. సైన్యంలో చేరేనాటికి పదమూడేళ్లే తేలాయి.

"బాపూ, పదమూడేండ్లకే తుపాకి ఇచ్చిండ్రా నీకు?"

"ఆఁ, పొట్టి తుపాకి ఇచ్చిండ్రు. నీ లెక్కలు కాంటా కాడ చేస్కో, ఇంట్ల చెయ్యకు" అని వినపడని చెవి నా వైపు తిప్పాడు.

కాక వస్తే బాపు మంచం మీంచి లేచేవాడు. తమ్ముడొస్తే అన్న లేవడమేమిటి? దసరాకు యాటకూర మొదటి గిన్నె కాకకే. ఆయన వద్దనేవాడు కాదు. ఏదో గుట్టు పట్టుకుని బాపును ఆడిస్తున్నాడని అనుకున్నాను. కాక వెళ్లాక బీరువా తాళం లాగి చూసేవాణ్ని.

రెండేళ్ల కింద బాపు పోయాడు. అసలు వయసు డెబ్భై ఎనిమిది. దవాఖానలో గుమాస్తా చనిపోయినాయన పేరు అడిగాడు. ఏ పేరు చెప్పాలో తేల్చుకోలేక నిలబడ్డాను. వెనక నుంచి కాక తన పేరు చెప్పాడు. చెయ్యి పట్టి ఆయన్ను వరండాలోకి లాగాను.

"కాకా, గది నీ పేరు!"

"మెల్లగరా. మీ బాపు మిలిట్రీ నుంచి వచ్చేటాల్లకు వయసు దాటింది, బాయిల తీస్కోలేదు. నాకప్పుడు ఇర్వై మూడు. నా సర్టిఫికెట్ ఇచ్చిన. నా పేరు మీద దిగిండు. అట్ల మారుపేర్లతోని దిగినోళ్లు మస్తుమంది."

"నువ్వే దిగొచ్చు గద?"

"నాకు చీకటంటే భయం."

చేనులో అడవిపందులకు ఒక్కడే కావలి పడుకునే మనిషి కాక. ఆ మాట నేను నమ్మలేదు.

"మీ అమ్మకు పింఛను రావాలంటే బాయి కాగితంల ఉన్న పేరే చావాలె. ఇంకో పేరు చెప్తే ఆమెకేమొస్తది, బూడిద?"

"మరి నువ్వు?"

"నేను బతికే ఉన్న. నీకు కనవడ్తలేనా?"

ఇందులో కాకకు ఏం లాభమని వెతికాను. రెండుసార్లు వెతికాను. ఏమీ దొరకలేదు. గుమాస్తా ఆ పేరే రాసుకున్నాడు.

అమ్మకు పింఛను వచ్చింది. పేరూ, తండ్రి పేరూ, ఊరూ ఒకటే కావడంతో నాలుగు నెలలకు కాక వృద్ధాప్య పింఛను ఆగింది, తర్వాత రేషను. బతికున్నానని అర్జీ పెట్టమని మండలాఫీసులో చెప్పారు. ఆయన్ను బండి మీద తీసుకెళ్లేది నేనే.

"సచ్చినోని సంతకం చెల్లుతదా సారూ?" అని ఆయన నవ్వుతాడు. సారు నవ్వడు. అసలు సంగతి చెబితే అమ్మ పింఛను పోతుంది. అందుకే నేను నోరు మెదపను. కాక కూడా మెదపడు.

బాపు ఆ పేరు మీద బాయిలో పనిచేసింది ముప్పై ఏడేళ్లు. రిటైరయ్యాక బతికింది పన్నెండేళ్లు. పోయాక రెండేళ్లు. మేము కాకకు పేరు బాకీ పడి ఈ రోజుకు యాభై ఒక్క ఏళ్లు.