పెనుకొండ డబ్బాకు దిష్టి నిమ్మకాయ

మా బంధువుల్లో, మా వీధిలో, చివరికి నేను పనిచేసే ఆఫీసు క్యాంటీన్‌లో కూడా ఈ కథ ఒకే రకంగా నడుస్తోంది. హిందూపురం నుంచి ఒకావిడ, ధర్మవరం నుంచి ఒకావిడ, ఇద్దరూ సెల్‌ఫోన్లు పట్టుకుని పెనుకొండ కొండమీద గుప్తనిధులు తవ్వబోయారట. దారి తప్పారట. మేకలవాళ్లు పట్టుకుని కిందికి దించారట. కాళ్లావేళ్లా పడి బయటపడ్డారట.

ఆ హిందూపురం ఆవిడను నేనే. కాబట్టి జవాబు కూడా నేనే చెబుతాను. మేము తవ్వలేదు. దారి తప్పలేదు. మమ్మల్ని ఎవరూ దించలేదు, మా కాళ్లతో మేమే దిగాము. పట్టుకున్నామని చెప్పుకునేవాళ్లు మా వెంట కబుర్లాడుతూ వచ్చారు, అంతే. కాళ్లావేళ్లా పడే అలవాటు నాకు ఉందో లేదో నాతో ఒక్కసారి మాట్లాడినవాళ్లను అడగండి. ఆ కథలో చెప్పుకోదగ్గ నిజం ఒక్కటే, నిమ్మకాయ. దాన్ని మాత్రం అందరూ వదిలేస్తారు.

బెంగళూరులో చెల్లెలి ఇంటికి పోయినప్పుడు మొదలైంది ఇదంతా. అక్కడి పార్కులో ఒక జంట, నా వయసువాళ్లే, సిమెంటు బెంచీ కింద చేతులు పెట్టి తడుముతున్నారు. ఏం పారేసుకున్నారని అడిగాను. అడగకుండా ఉండటం నాకు చేతకాదు. ఏమీ పారేసుకోలేదు, ఎవరో దాచినదాన్ని వెతుకుతున్నాం అన్నారు. ఆటకు పేరు జియోకాషింగ్ అట. ఒకరు ఒక చిన్న డబ్బా ఎక్కడో దాచిపెట్టి, ఆ చోటు తాలూకు అక్షాంశం, రేఖాంశం అంకెలు యాప్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ పోయి వెతుక్కోవాలి. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, ఒక చిన్న వస్తువు తీసుకుంటే ఇంకొకటి పెట్టి, డబ్బాను ఉన్నచోటే ఉంచి రావాలి.

"దాంతో ఏమొస్తాది?" అన్నాడు మా ఆయన, ఇంటికొచ్చి చెబితే.

క్రికెట్ చూస్తే ఏమొస్తుందో ముందు ఆయన్ను చెప్పమన్నాను. ఇంకా చెప్పలేదు.

యాప్‌లో మ్యాప్ తెరిస్తే బెంగళూరు నిండా ఆకుపచ్చ చుక్కలు. సరిహద్దు దాటి మా వైపు వస్తే బోడి నేల. మన ఊళ్లలో దాచడానికి చోటు లేదా, వెతకడానికి మనుషులు లేరా అని నాకు రోషం వచ్చింది. మన డబ్బా మనమే పెట్టాలి, అదీ పెనుకొండలోనే పెట్టాలి అనుకున్నాను. పెనుకొండే ఎందుకంటే అది నాకూ నా స్నేహితురాలికీ నడిమధ్య ఉంది.

ఆమె ధర్మవరం మనిషి. హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు నా పక్కన కూర్చునేది. పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, పట్టుచీరలు నేసే ఇంటికే కోడలైంది. పెళ్లిళ్లకు, పుట్టపర్తి ఆసుపత్రికి తప్ప ఒంటరిగా ఊరు దాటి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఆట సంగతి చెబితే ఆమె వేసిన ప్రశ్న ఒక్కటే: "పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చా?" ఆమె రైల్లో, నేను బస్సులో వచ్చి పెనుకొండలో కలుసుకునేవాళ్లం. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక వెలిసిన కొరియా హోటళ్ల బోర్డులు చూసుకుంటూ నడిచి, కొండ ఎక్కేవాళ్లం. సరైన చోటు దొరకడానికే కొన్ని ఆదివారాలు పట్టింది. తొందరేమీ లేదు. ఒకసారి బండమీద చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని అంది, "ఈడ కూచుంటే నన్ను ఎవురూ పిల్చరు మే." ఆ మాట విన్నాక, ఈ ఆదివారాలు ఆమె చేయి జారిపోకూడదు అనుకున్నాను నేను. డబ్బా సంగతి తర్వాత.

కోట గోడలకు దూరంగా, కొండకు వెనకవైపు ఒక పెద్ద రాతిగుండు కింద సందు చూసుకున్నాం. అక్కడ సిగ్నల్ రాదు. అందుకే ఇంట్లో వైఫై ఉన్నప్పుడే పెనుకొండ మ్యాప్ మొత్తం ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుని పోయేదాన్ని. ఫోన్‌కు తానెక్కడుందో చెప్పేది టవర్ కాదు, పైనున్న ఉపగ్రహాలు. సిగ్నల్ గీతలన్నీ పోయినా, మ్యాప్ మీద మనం ఉన్నచోటు చూపించే నీలం చుక్క మనతో నడుస్తూనే ఉంటుంది. ఈ ముక్క నేను ఇంజనీర్లకు కూడా వివరించాల్సి వచ్చింది.

డబ్బా పెట్టిన రోజు సంగతికి వస్తాను. రబ్బరు అంచు మూత ఉన్న టిఫిను డబ్బా తెచ్చాను. అందులో కాగితం, పెన్సిలు, గాజు గోళీలు, బొత్తాములు వేశాను. ఆమె తన మగ్గం మీద మిగిలిన పట్టుగుడ్డ ముక్క, నెమలి బుటా ఉన్నది, మడిచి పెట్టింది. అంతా అయిందనుకుంటే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పసుపు, కుంకుమ, ఊదుబత్తి, నిమ్మకాయ, చాకు తీసింది.

"ఏందే ఇది?"

"కొత్తది ఏది పెట్టినా చేసేదే కదా. కొత్త మగ్గానికి చెయ్యమా? బండి కొంటే చక్రాల కింద పెట్టమా?"

"ఇది టిఫిను డబ్బా."

"డబ్బాకైతే దిష్టి తగలదా? లోకంలో వాళ్లంతా వచ్చి చూస్తారని నువ్వే చెప్తివి."

ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. ఆమె గుండుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది సందుకు రెండు పక్కలా పెట్టింది. నేను నా పనిలో ఉన్నాను. అంకెలు కచ్చితంగా రావాలంటే ఒకే చోటికి వేర్వేరు వైపుల నుంచి వచ్చి కొలత తీసుకోవాలి. అందుకని ఫోన్ ఎత్తి పట్టుకుని ఆ గుండు చుట్టూ తిరుగుతున్నాను.

మా సీమలో పాత కోటల దగ్గర నిధుల కోసం తవ్వే ముఠాలు ఎట్లా వస్తాయో అందరికీ తెలుసు. ముందు పూజ, నిమ్మకాయలు, చేతిలో ఏదో యంత్రం. పైన మేకలు మేపుకునేవాళ్లకు మేము ఎట్లా కనబడి ఉంటామో వేరే చెప్పాలా? కాసేపటికి మేకలవాళ్లు దిగివచ్చారు. ఎవరు కేక వేశారో, కింద నుంచి ఇంకొంతమంది ఎక్కివచ్చారు. వాళ్లలో చేతికర్ర పట్టుకున్న ఒక అవ్వ కూడా ఉంది.

"ఏమ్మా, యాడోళ్లు మీరు? ఏం తవ్వుతాండారు?" అన్నాడు తలగుడ్డ చుట్టుకున్న మేకలాయన.

"తవ్వేదానికి గడ్డపార యాడుందప్పా? చూపించు," అన్నాను.

"గడ్డపార మాపటికి తెస్తారు. పొద్దున పూజ చేసి గుర్తు పెట్టి పోతారు. మాకు తెలీదనుకుంటాండారా?"

"ఈ ఆటలో తవ్వేదే లేదు. తవ్వకూడదన్నది మొదటి రూలు."

"ఆటంట," అని నవ్వాడు ఆయన. "ఈ వయసులో."

"నువ్వు ఈ వయసులో ఫోన్‌లో రమ్మీ ఆడవా?"

ఆయన వెనకున్నవాళ్లు నవ్వారు. ఆడతాడన్నమాట. దాంతో ఆయనకు కోపం వచ్చింది.

"మ్యాపు చూస్తాండామంటావు. ఈడ సిగ్నలే రాదు. మ్యాపు యాడ్నుంచి వస్తాది? అంతా అబద్ధం."

అందరూ అవునన్నారు. మా మీద వాళ్ల దగ్గరున్న గట్టి సాక్ష్యం అదే. నేను వాదించలేదు. ఫోన్ ఆయన చేతిలోనే పెట్టాను.

"సిగ్నల్ గీతలు ఉండాయా?"

"లేవు."

"నీలం చుక్క ఉందా?"

"ఉండాది."

"నడువు."

గుండు దాటి, తుమ్మచెట్ల దాకా పోయి, తిరిగొచ్చాడు. "ఇది నా ఎంబడే వస్తాంది," అన్నాడు, అది నా తప్పయినట్టు. ఆ తర్వాత ఫోన్ నా చేతికి రావడానికి చాలాసేపు పట్టింది. తలా ఒకసారి నడిచి చూశారు. ఒకాయన తన మేకల దొడ్డి ఎక్కడో చూపించమన్నాడు. డబ్బా బయటికి తీసి మూత తెరిచి చూపించాను. గోళీలను వేళ్లతో కెలికి చూశారు. నిధి అంటే అంత చిన్నదని వాళ్లు ఊహించుకోలేదు.

నేను గెలిచాననే అనుకున్నాను. అప్పుడు అవ్వ కర్ర ఆనించుకుని ముందుకు వచ్చింది.

"అదంతా సరే. నిమ్మకాయ ఎందుకు కోసినారు?"

మళ్లీ అందరి ముఖాలూ మా వైపు తిరిగాయి. నేను నోరు తెరిచేలోపే నా స్నేహితురాలు అంది, "డబ్బాకు దిష్టి తగలకుండా అవ్వా."

అవ్వ గుండును చూసింది, బొట్లను చూసింది, ఆమెను చూసింది. "కోడిని కోయలేదే?"

"లేదవ్వా."

"నిధోళ్లయితే కోడిని కోస్తారు. వీళ్లు కాదు, పోనీండి," అని తేల్చేసింది.

ఉపగ్రహాలు చెప్పినా కుదరని తీర్పు అట్లా కుదిరింది. డబ్బాను సందులో పెట్టి అందరం కలిసి దిగాం. అయితే మొదట్లోనే ఎవరో వీడియో తీశారు. నిమ్మకాయ, కుంకుమ, "ఏం తవ్వుతాండారు" అన్న మాట దాకానే ఉంది అందులో. ఆమె ఎక్కిన రైలు కంటే ముందే అది ధర్మవరం చేరింది.

ఆ సాయంత్రమే ఆమె ఫోన్ చేసింది. "ఇంక నేను రాలేనే. డబ్బా నువ్వే చూసుకో."

తర్వాతి ఆదివారం నేనే ధర్మవరం పోయాను. ఆమె భర్త ముందుగదిలో చాప మీద చీరలు పరుచుకుని కూర్చున్నాడు. లోపల మగ్గం చప్పుడు. ఆమె బయటికి రాలేదు.

"నేను ఆమెను ఏమీ అనలేదక్కా," అన్నాడు నేను అడగకముందే. "జనాలు నన్ను అంటాండారు. చీర చూసేకి వచ్చిన ఆయప్ప, మీ ఇంటికి నిధి దొరికింది కదా, రేటు తగ్గించు అంటాడు."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "వాళ్ల నోళ్లకు జడిసి ఆమె ఇంట్లో కూచోవాల్నా? నువ్వు ఫోన్ పట్టుకుని కొండెక్కితే సర్వే అంటారు. మేమెక్కితే దొంగతనమా?"

"అసలు ఏముందక్కా ఆ కొండమీద, ఇద్దరూ అంత దూరం పోయేకి?"

"చెప్తే తెలిసేది కాదన్నా. ఆడి చూడు."

నేను ఊరికే పోలేదు. స్టేషన్ నుంచి వచ్చేటప్పుడే వాళ్ల వీధి చివర గోడ సందులో మాత్రల డబ్బా ఒకటి దాచి వచ్చాను. ఆయన ఫోన్‌లోకి మ్యాప్ దించి, అంకెలు కొట్టి, డేటా ఆపేసి ఇచ్చాను. "నా వీధిలో నాకు మ్యాపా?" అంటూనే లేచి చెప్పులేసుకున్నాడు.

కాఫీ తాగడం అయిపోయింది. ఆయన రాలేదు. మగ్గం చప్పుడు ఆగి, ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "ఇంగా ఎతుకుతాండాడా?" అంది మెల్లగా, వీధి వైపు చూస్తూ.

ఆయన తిరిగొచ్చేసరికి చొక్కా చేతికి బూజు, చేతిలో డబ్బా. "దినామూ ఆ గోడ పక్కనే బండి పెడతా. ఆ సందు ఉన్నట్టే తెలీదు," అన్నాడు. అంతలోనే గొంతు మార్చి, "నీ మ్యాపు సరిగా లేదక్కా, అటు పక్క చూపిస్తాంది," అన్నాడు.

"మ్యాపు నిన్ను ఆ చోటికి తోలుకపోతాది. చెయ్యి పెట్టి ఎతకాల్సింది నువ్వే."

డబ్బా మూత తీసి, మూసి, మళ్లీ తీశాడు. "సరే, పోండి. నిమ్మకాయ మాత్రం వద్దు."

"నిమ్మకాయ సంగతి నేను చూసుకుంటా," అంది ఆమె.

మా ఆదివారాలు మాకు తిరిగి వచ్చాయి. డబ్బా ఇప్పుడు యాప్‌లో ఉంది, మా వైపు కూడా ఒక చుక్క ఉంది. బెంగళూరు నుంచి వచ్చి వెతుక్కున్నవాళ్లున్నారు, కాగితం మీద కొరియా అక్షరాలు కూడా ఉన్నాయి. భర్త వద్దన్నాక ఆమె మళ్లీ నిమ్మకాయ తేలేదు. అయినా మేము ఎప్పుడు పోయినా ఆ సందుకు రెండు పక్కలా కోసిన నిమ్మకాయ ఉంటోంది. ఎండిపోయింది కాదు, కొత్తది, కుంకుమ తడి కూడా ఆరనిది. తాను కాదని ఆమె మగ్గం మీద ఒట్టు వేసింది. మేకలాయన్ను అడిగితే, మేకలతోనే సరిపోతాంది నాకు అన్నాడు. అవ్వ తనకు కొండెక్కే కాళ్లు యాడున్నాయంది, ఆ రోజు ఎక్కిన సంగతి మరిచిపోయినట్టు. నా స్నేహితురాలి భర్తను అడిగితే "నాకేం పనక్కా" అని చీరలు మడుస్తూ కూర్చున్నాడు, తలెత్తలేదు.

మేము దారి తప్పామని ఇంత వివరంగా చెప్పగలిగేవాళ్లు నాకు ఈ ఒక్కటి చెప్పండి. సిగ్నల్ కూడా రాని ఆ కొండ వెనక్కి ఎక్కి, మా డబ్బాకు దిష్టి తగలకుండా చూస్తున్నది ఎవరు?