మా మేనమామ రేడియో దొంగది కాదు

నా చిన్నప్పుడు మా పెరట్లోని కొబ్బరిచెట్టుకూ మా మేనమామ పెరట్లోని కొబ్బరిచెట్టుకూ మధ్య ఒక రాగి తీగ వేలాడుతూ ఉండేది. ఆ తీగ మూలంగా మా నాన్నా ఆయనా మాట్లాడుకోవడం మానేశారు. ఆయన పోయి చాలా ఏళ్ళయినా, ఉద్దానంలోని మా ఊరివాళ్ళు ఇప్పటికీ ఆయన్ని 'బల్బు మావ' అనే తలుచుకుంటారు. దొంగ రేడియో పెట్టుకుని ఊరిని మోసం చేశాడనీ, ఎవరో పట్టిస్తారని భయపడి తీగ తానే పీకేసుకున్నాడనీ చెప్పుకుంటారు. మొన్న కాశీబుగ్గలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర అదే కథ చెప్పి మళ్ళీ నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కంటే నా మీదే ఎక్కువ. ఎందుకంటే ఆ కథకు మొదటి ముక్క అందించింది నేను.

మా మేనమామ సైన్యంలో వైర్‌లెస్ పని చేసి తిరిగివచ్చిన మనిషి. ఆయన గదిలో ఉన్నది పాటలు వచ్చే రేడియో కాదు. మైకు మీట నొక్కి మనం మాట్లాడితే, ఎక్కడో కటకంలోనో మధురలోనో కూర్చున్న మరొకరు విని జవాబు చెప్పే యంత్రం. దానికి పరీక్ష రాసి ప్రభుత్వం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. ఆయన లైసెన్సు అద్దం కట్టించి గోడకు తగిలించి ఉండేది. నేను కళ్ళారా చూశాను. రోజూ పొద్దున్నే నలుగురైదుగురు స్నేహితులు గాలిలో కలుసుకునేవారు. ఒకరి ముఖం ఒకరు చూసి ఎరుగరు.

ఆ ఏడు మా చెట్ల పిందెలు రాలడం మొదలైంది. పొద్దున లేచేసరికి పెరడంతా పిందెలే. తీగలోని కరెంటు చెట్టు మొవ్వులోకి దిగుతోందని మా నాన్న తేల్చేశాడు.

"నీ తమ్ముడు ఆకాశంతో కబుర్లాడ్డానికి నా సెట్లే దొరికాయేటే?" అని అమ్మ మీద అరిచేవాడు.

"తీగేటి, పామేటి కరవడానికి?" అని అమ్మ గొణిగేది. తర్వాత కూరగిన్నె నా చేతికిచ్చి, నాన్న చూడకుండా తమ్ముడింటికి పంపేది.

అలా వెళ్ళినప్పుడల్లా నేనూ రేడియోలో మాట్లాడతానని మావను వేధించేవాణ్ణి. ఆయన మెత్తని మనిషి కాదు. ముందు కూర్చుని వినమనేవాడు. ఒకరు మాట్లాడుతుంటే అడ్డు రాకూడదు. మాట్లాడబోయే ముందు గాలిలో ఆ చోటు ఖాళీగా ఉందా అని అడగాలి. లైసెన్సుతో పాటు ఇచ్చిన తన గుర్తు, అంటే గాలిలో తన పేరు, చెప్పాలి. నాలుగు ముక్కలు మాట్లాడి మీట వదిలేయాలి. నాకవన్నీ పట్టేవి కావు.

"ఇంకెన్నాళ్ళు వినాలి మావా?"

"నీ నోరు మూతపడీదాకా. ఒరే గుంటడా, మీట నొక్కినంతసేపూ నువ్వు సెవిటోడివి. అవతలోడు సచ్చాడో బతికాడో నీకు తెల్దు. అది గుర్తెట్టుకో ముందు."

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, ఏ దయ కలిగిందో, మైకు నా చేతికిచ్చాడు. "సరే, మాటాడు. ఒక మాటాడి ఒదులు," అని పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. బల్ల మీద ఒక బల్బు ఉంది. నేను మాట్లాడితే వెలుగుతోంది, ఆపితే ఆరుతోంది. ప్రపంచమంతా నన్ను వింటోందనుకున్నాను. మా ఊరు చెప్పాను, మా బడి చెప్పాను. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా మీట వదలబుద్ధి కాలేదు. అప్పుడు ఇంటి గొడవ మొదలుపెట్టాను. రేపు పొద్దున్నే మా నాన్న కాయలు దింపే మనిషి చేత తీగ కోయిస్తాడనీ, ఆ సంగతి మావకు చెప్పొద్దన్నాడనీ, మావ అడ్డొస్తే అమ్మ ఇక పుట్టింటి గుమ్మం తొక్కకూడదన్నాడనీ, అమ్మ అన్నం మానేసిందనీ చెప్పేశాను.

మావ చిన్న ట్రాన్సిస్టరు పట్టుకుని బయటికి వచ్చాడు. అందులో నా మాటలన్నీ విన్నాడు.

"నీ మాట ఈ పెరడు దాటనేదురా. పెట్టెకున్న తీగ ఇప్పేసి, దాని బదులు ఈ బల్బు తగిలించాను. కొత్తోళ్ళు ముందు దీన్తోనే నేర్సుకోవాల."

"మోసం సేసినావు మావా!" అని ఏడ్చాను.

"మోసమా? నిజం తీగుంటే మీ ఇంటి గుట్టు మదరాసు దాకా ఎల్లిపోయుండును. ఒక మాటాడి ఒదలమన్నానా నేదా?"

ఆయన ముఖంలో నవ్వు లేదు. "మా అక్క అన్నం మానేసిందా?" అని మాత్రం అడిగాడు. నేను వీధిలోకి పరిగెత్తాను. కనిపించిన ప్రతి పిల్లవాడికీ మా మావ రేడియో దొంగదనీ, ఉన్నదంతా ఒక బల్బేననీ చెప్పాను. సాయంత్రానికి టీకొట్టు దగ్గర పెద్దవాళ్ళు కూడా అదే అంటున్నారు.

తెల్లవారి మా నాన్న మనిషిని వెంటబెట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి చెట్టు మీద తీగ లేదు. మావ తానే దించి, చుట్ట చుట్టి, భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నీ సెట్టు నీకు బావా. మా అక్కని మాత్తరం మా ఇంటికి రానీ."

"ఏటి, బయపడ్డావా?" అన్నాడు నాన్న ఎకసెక్కంగా.

"ఔను, బయపడ్డాను."

ఊరు విన్నది ఆ మాటొక్కటే. నాన్న అనుకున్నది ముందే ఎలా తెలిసిందో మావ చెప్పలేదు. చెబితే ఆ రోజు నా వీపు చిట్లిపోయేది. ఒకసారి నావైపు చూసి, ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆయన పెరడు చిన్నది. ఆ తీగకు కావలసినంత పొడవు అందులో లేదు. చుట్టుపక్కలవాళ్ళ చెట్లు అడిగితే, పిందెల భయంతో ఒక్కరూ ఒప్పుకోలేదు. మరుసటి ఏడు మా పిందెలు ఇంకా ఎక్కువ రాలాయి. ఉప్పుగాలి అన్నాడు నాన్న. తీగ మళ్ళీ కట్టుకోమని మాత్రం అనలేదు.

అమ్మ రాకపోకలు ఆగలేదు. కూరగిన్నె ఇవ్వడానికి నేనూ వెళ్ళేవాణ్ణి. మావ గదిలోనే ఒక తీగ ముక్క కట్టుకుని పొద్దున్నే స్నేహితుల మాటలు వింటూ ఉండేవాడు. వినడానికి ఆ ముక్క చాలు, పలకడానికి చాలదు. వాళ్ళు ఆయన గుర్తు చెప్పి పిలిచేవారు. ఎవరికైనా ఆయన సంగతి తెలుసా అని ఒకరినొకరు అడిగేవారు. "ఉన్నాన్రా, ఇక్కడే ఉన్నాను," అని ఆయన ఆ పెట్టెతో అనేవాడు. కొన్ని నెలలు పిలిచి, వాళ్ళు పిలవడం మానేశారు. ఆయన వినడం మానలేదు.

నేనూ తర్వాత పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. కాశీబుగ్గలో మా డాబా మీద నా తీగ ఉంది. రేడియోలోకి ఎలా రావాలని కుర్రవాళ్ళు అడుగుతుంటారు. యంత్రం కొనడం ఆఖరి పని అనీ, ముందు లైసెన్సు ఉన్నవాడి పక్కన కూర్చుని వినమనీ చెబుతాను. కొందరు మళ్ళీ రారు. నేను మాత్రం నాలుగు ముక్కలు మాట్లాడి మీట వదిలాక, జవాబు రాకపోయినా చాలాసేపు వింటూ కూర్చుంటాను. అవతల ఎవరూ లేరని అనుకోవడం మావ గదిలో కూర్చున్నాక నాకు చేతకాలేదు.